ఏడో తరగతి పిల్లలకు అమృతా షేర్‌గిల్ గురించి ఎట్ల చెప్పాలి

మన దిక్కు చాలా జిల్లా పరిషత్ హైస్కూళ్ళల్ల డ్రాయింగ్ టీచర్ ఉండరు, ఉన్న చోట కూడా పదో తరగతి పరీక్షలు దగ్గరికొస్తే ఆ పీరియడ్ లెక్కలకో సైన్స్‌కో పోతది. అందుకే ఇది డ్రాయింగ్ టీచర్ల కోసమే కాదు, ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు తెలుగో సోషలో చెప్పే సార్లు, మేడమ్‌ల కోసం కూడా రాస్తున్న. ఒక మోడర్న్ పెయింటర్ జీవితం, బొమ్మలు పిల్లలకు చెప్పాలంటే మీకు గీయడం రావాల్సిన పని లేదు, ఓపిగ్గా చూడడం వస్తే చాలు, పిల్లలకు నేర్పాల్సింది కూడా అదే.

నేనైతే అమృతా షేర్‌గిల్‌తో మొదలు పెట్టమంట. ఆమె బొమ్మల్లో ఉండేది దేవతలు, రాణులు కాదు, కూర్చున్న ఆడపిల్లలు, అంగడికి పోయే ఊరోళ్ళు, మంచం మీద నడుం వాల్చిన ఆడవాళ్ళు, అంటే మన పిల్లలు ఇంట్ల రోజూ చూసే మనుషులే. పైగా ఆమె పారిస్‌లో చదువుకొని మెడల్ తెచ్చుకొని, అన్నీ ఉండి కూడా మన దేశంలోని మామూలు మనుషుల బొమ్మలు గీయాలని తిరిగొచ్చింది. ఆ తిరిగి రావడం ఎందుకన్నది పిల్లలకు అర్థమైతే పాఠం సగం అయిపోయినట్టే.

మొత్తం ఐదు పీరియడ్లు పెట్టుకోండి, లేదంటే రెండు పీరియడ్లు ప్లస్ నో బ్యాగ్ డే ఉన్న శనివారం.

ముందు తయారీ

క్లాసులో డిజిటల్ బోర్డు ఉంటే మంచిదే గానీ పిల్లల ముందు లైవ్‌లో గూగుల్ సెర్చ్ మాత్రం చెయ్యొద్దు, ఆమె నగ్న చిత్రాలు కూడా వేసింది, అవి ఒక్కసారి స్క్రీన్ మీద పడితే ఆ రోజు క్లాస్ ఇంక దారికి రాదు. ఇంట్లనే కూర్చొని నాలుగు బొమ్మలు డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. 1935లో వేసిన 'త్రీ గర్ల్స్', 1937లో వేసిన దక్షిణ భారత బొమ్మలు మూడు: పెళ్ళికూతురిని ముస్తాబు చేసేది, బ్రహ్మచారులు, అంగడికి పోయే ఊరోళ్ళు. ఇవి చాలు, పది పన్నెండు చూపిస్తే ఏదీ గుర్తుండదు. ఢిల్లీలోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ఆమె బొమ్మలు చాలా ఉన్నయి, ఫొటోలు ఆన్‌లైన్‌లో దొరుకుతయి. ఆమె చనిపోయి ఎనభై ఏళ్ళు దాటింది, మన చట్టం ప్రకారం ఆమె బొమ్మల మీద కాపీరైట్ అయిపోయింది, అందుకని క్లాసు కోసం ప్రింట్ తీసుకోవడానికి భయపడేదేం లేదు.

స్క్రీన్ లేని స్కూల్ అయితే ఇంకా మంచి ఉపాయం ఉంది, ఫ్లెక్సీ షాపుకు పోండి. బర్త్‌డేలకు, లీడర్లకు కొట్టే ఫ్లెక్సీ మీదనే 'త్రీ గర్ల్స్' కొట్టించండి, అసలు బొమ్మ పొడుగు వైపు సుమారు ఒక మీటర్ ఉంటది కాబట్టి అదే సైజులో వస్తది. పుస్తకంలో అగ్గిపెట్టెంత కనిపించే బొమ్మకు, అసలు సైజులో ఎదురుగ నిలబడ్డ బొమ్మకు మస్తు తేడా ఉంటది. కాకపోతే ఫ్లెక్సీల రంగులు గాఢంగా కొడతరు, షాపులో పిల్లగాడికి ఫోన్‌లో ఒరిజినల్ చూపించి "తమ్మీ, బ్రైట్‌నెస్ పెంచకు, ఫేస్ తెల్లగ చెయ్యకు" అని గట్టిగ చెప్పండి. వాళ్ళకు మొహం తెల్లగ చేసుడు అలవాటు. ఈ పాఠానికి అదే అడ్డం పడేది, ఎందుకో తర్వాత చెప్త.

మొదటి పీరియడ్: పేరు చెప్పకుండ బొమ్మ

ఫలానా పెయింటర్ ఫలానా ఊర్లో పుట్టింది అని మొదలు పెట్టొద్దు, అట్ల మొదలు పెడితే పిల్లలు నోట్‌బుక్ తీసి డేట్లు రాసుకుంటరు, బొమ్మ వైపు తలెత్తరు. 'త్రీ గర్ల్స్' తగిలించి రెండు నిమిషాలు సప్పుడు చెయ్యకుండ చూడమనండి. మొదట ముసిముసి నవ్వులు ఉంటయి, గుసగుసలు ఉంటయి, పట్టించుకోకండి, నిమిషం దాటినంక వాళ్ళంతట వాళ్ళే చూడడం మొదలు పెడతరు.

తర్వాత అడగాల్సింది "ఏం కనిపిస్తుంది?" ఒక్కటే. "ఎట్ల ఉంది? బాగుందా?" అని అడిగితే అందరూ బాగుంది మేడం అంటరు, అక్కడితో అయిపోతది. ఏం కనిపిస్తుంది అంటే ముగ్గురు అమ్మాయిలు అంటరు, కూర్చున్నరు అంటరు, రంగుల బట్టలు అంటరు. ఇంకా, ఇంకా అని అడుగుతూ పోండి. ఎవరో ఒకరు ముగ్గురిలో ఒక్కరు కూడా మన దిక్కు చూస్తలేరు అంటరు, ఇంకొకరు వెనక ఇల్లు లేదు చెట్టు లేదు ఏమీ లేదు అంటరు, చేతులు ఖాళీగ ఉన్నయి అంటరు. ఆ మాటలన్నీ వాళ్ళన్నట్టే బోర్డు మీద రాయండి, మీ మాటల్లోకి మార్చొద్దు.

ఇప్పుడు ముగ్గురు పిల్లల్ని ముందుకు పిలిచి అచ్చం ఆ బొమ్మలో లెక్క కూర్చోమనండి. అమ్మాయిలే కానక్కర్లేదు, అబ్బాయిలు కూడా కూర్చోవచ్చు. మిగిలినోళ్ళు డైరెక్టర్లు, "తల ఇంకొంచెం కిందికి, చెయ్యి ఒళ్ళో పెట్టు, నువ్వు ఈమె కన్నా కొంచెం వెనక్కి" అని వాళ్ళే సరిచేస్తరు. అట్ల సరిచెయ్యడంలోనే బొమ్మలో తలలు ఒకే లైన్‌లో లేవని, ముగ్గురు దగ్గర దగ్గర ఉన్నా ఒకరితో ఒకరు మాట్లాడట్లేదని క్లాసంతా కనిపెడతది, కంపోజిషన్ అనే మాట మీరు అనకుండనే ఆ పాఠం అయిపోతది. ఒక నిమిషం అట్లనే కదలకుండ ఉండమని, లేచినంక కూర్చున్నోళ్ళను అడగండి, అట్ల కూర్చుంటే మనసులో ఏం వచ్చింది అని. పెళ్ళి గురించి ఆలోచిస్తున్నట్టు అనిపించింది అని ఒకరంటే ఎవరో తిట్టినట్టు అనిపించింది అని ఇంకొకరంటరు. ఏది కరెక్ట్ అని అడుగుతరు, ఇది కరెక్ట్ అని మీరు తేల్చొద్దు. ఆమె వాళ్ళ కథ ఎక్కడా రాసి పెట్టలేదు, మొహాలు, చేతులు, రంగులు మాత్రమే ఇచ్చింది, మిగిలింది చూసేటోళ్ళకు వదిలింది అని చెప్పండి.

బెల్ కొట్టే ముందు ఇది వేసింది ఒక 22 ఏళ్ళ అమ్మాయి, పేరు రేపు చెప్త అని వదిలేయండి.

రెండో పీరియడ్: మ్యాప్ మీద జీవితం

సోషల్ సార్లకు ఇది చాలా తేలిక. ప్రపంచ పటం వేలాడదీసి ఎర్ర దారం, పిన్నులు తీసుకొని కథ చెప్తూ పోండి, ఒక్కో ఊరికి ఒక్కో పిల్లగాడిని పిలిచి పిన్ను కుచ్చమనండి. 1913 జనవరి 30న హంగరీలోని బుడాపెస్ట్‌లో పుట్టింది. నాయిన ఉమ్రావ్ సింగ్ పంజాబీ సిక్కు, సంస్కృతం, పర్షియన్ చదువుకున్న మనిషి, ఫొటోలు తీయడమంటే పిచ్చి. అమ్మ హంగరీ ఆమె, ఒపేరా పాటలు పాడేది. మొదటి ప్రపంచ యుద్ధం వల్ల వాళ్ళు అక్కడే చిక్కుకుపోయి 1921లో సిమ్లాకు వచ్చిన్రు, అప్పుడు అమృతకు ఎనిమిదేళ్ళు. చెల్లె ఇందిర ఒక్కతే తోడు. 1929లో పదహారేళ్ళప్పుడు బొమ్మలు నేర్చుకోవడానికి కుటుంబమంతా పారిస్ పోయింది. అక్కడ వేసిన 'యంగ్ గర్ల్స్' అనే బొమ్మకు 1933లో గోల్డ్ మెడల్ వచ్చింది, అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్ళు.

ఇక్కడ ఆగండి. మీరైతే ఏం చేస్తరు, అక్కడే ఉంటరా తిరిగొస్తరా అని చేతులెత్తించి అడగండి. మన ఊర్లల్ల సగం ఇండ్లల్ల ఎవరో ఒకరు దుబాయ్‌కో సౌదీకో అమెరికాకో పోయినోళ్ళు ఉంటరు, పోవుడు రావుడు అంటే ఏందో పిల్లలకు మనకన్నా బాగా తెలుసు, జగిత్యాల, సిరిసిల్ల దిక్కు పిల్లలైతే ఇక్కడ చాలాసేపు మాట్లాడతరు, మాట్లాడనియ్యండి.

1934 చివర్ల ఆమె తిరిగొచ్చేసింది. పెయింటర్‌గ తన పని ఇక్కడే ఉందని ఆమెకు గట్టిగ అనిపించింది. తర్వాత 1936 చివర్ల దక్షిణానికి బయలుదేరింది, ఈ భాగం మాత్రం తొందరపడి దాటెయ్యకండి, ఎందుకంటే ఆమె మన దిక్కు వచ్చింది. అజంతా గుహల బొమ్మలు చూసి కదిలిపోయింది, ఆ అజంతా అప్పుడు వరంగల్ లెక్కనే నిజాం రాజ్యంలో ఉండేది, ఇప్పటి మహారాష్ట్ర మ్యాప్ చూసిన పిల్లలకు ఇది ఆశ్చర్యంగ ఉంటది. హైదరాబాద్‌లో నవాబు సాలార్‌జంగ్‌కు ఆమె బొమ్మలు చేరినయి, ఆయన తిప్పి పంపేసిండు. మైసూర్ మహారాజు ఆమె బొమ్మలు కాదని రవివర్మ బొమ్మలు తీసుకున్నడు. సాలార్‌జంగ్ మ్యూజియానికి ఎక్స్‌కర్షన్ పోయొచ్చిన పిల్లలు క్లాసులో ఉంటరు కదా, అన్ని వస్తువులు పోగేసిన ఆయనకు ఈమె బొమ్మలు ఎందుకు నచ్చకపోయి ఉంటయి అని అడిగి, మరుసటి క్లాసుకు ఇంట్ల ఉన్న రవివర్మ లక్ష్మో సరస్వతో క్యాలెండర్ ఒకటి తెమ్మనండి.

అక్కడి నుంచి కొచ్చి దిక్కు మట్టాంచేరి ప్యాలెస్ గోడల మీది బొమ్మలు చూసింది, కన్యాకుమారి దాకా పోయింది, సిమ్లాకు తిరిగొచ్చి 1937లో ఆ దక్షిణ భారత బొమ్మలు మూడు వేసింది. 1938లో హంగరీ పోయి విక్టర్ ఎగాన్ అనే డాక్టర్‌ను, అమ్మ తరఫు బంధువును, పెళ్ళి చేసుకుంది, తర్వాత గోరఖ్‌పూర్ దగ్గర సరాయా అనే ఊర్లో ఉన్నరు. 1941లో లాహోర్‌కు మారిన్రు. అక్కడ ఎగ్జిబిషన్‌కు అంతా సిద్ధమైతుండంగ ఒక్కసారిగ జబ్బు చేసి డిసెంబర్ 5న చనిపోయింది, ఇరవై ఎనిమిదేళ్ళే.

ఆమె చావు గురించి ఆన్‌లైన్‌లో రకరకాలుగ రాసి ఉంటది, ఏడో తరగతికి అవన్నీ అక్కర్లేదు, జబ్బు చేసి చనిపోయింది అంటే సరిపోతది. పిల్లలు చప్పబడిపోతరు, చప్పబడనియ్యండి, వెంటనే జోక్ చేసి నవ్వించాలని చూడొద్దు. 1976లో ఆమె బొమ్మల్ని ప్రభుత్వం జాతీయ కళాసంపదగ ప్రకటించింది, 1978లో ఆమె 'హిల్ విమెన్' బొమ్మతో పోస్టల్ స్టాంప్ వచ్చింది అని అప్పుడు చెప్పొచ్చు. 2023లో 'ది స్టోరీ టెల్లర్' అనే బొమ్మ వేలంలో 61.8 కోట్లకు పోయిన సంగతి మాత్రం ఆఖరి పీరియడ్ దాకా నోట రానియ్యకండి, కోట్లు అనే మాట వినపడితే పిల్లలకు ఇంక బొమ్మ కనపడది.

మూడో పీరియడ్: క్యాలెండర్ పక్కన ఈ బొమ్మ

ఒక దిక్కు రవివర్మ క్యాలెండర్, ఇంకో దిక్కు పెళ్ళికూతురి బొమ్మ. తేడాలు చెప్పమనండి. క్యాలెండర్‌లో నగలు మెరుస్తయి, చీర ముడతలు ముట్టుకుంటే తగిలేటట్టు ఉంటయి, మొహం మీద వెలుగు ఉంటది. ఈమె బొమ్మలో మనుషులు నిండుగ, సాదాగ ఉంటరు, వివరాలు తక్కువ, రంగు పెద్ద పెద్ద ముక్కలుగ పరుచుకొని ఉంటది, నీడలు తక్కువ. మోడర్న్ అంటే ఏందో ఇక్కడ చెప్పండి: ఫొటో తీసే కెమెరా వచ్చినంక పెయింటర్లు అచ్చం ఉన్నది ఉన్నట్టు దించాల్సిన పని తప్పింది, ఏది ఉంచాలె ఏది తీసెయ్యాలె ఏ రంగు పెంచాలె అని వాళ్ళే నిర్ణయించుకునుడు మొదలైంది. అమృత పారిస్‌లో సెజాన్, గోగాఁ అనే ఫ్రెంచ్ పెయింటర్ల బొమ్మలు చూసి అది నేర్చుకుంది, అజంతాకు వచ్చి చూస్తే మనోళ్ళు ఎన్నో వందల ఏళ్ళ కిందనే ఆ పని చేసి పెట్టిన్రు. రవివర్మ తక్కువ, ఈమె ఎక్కువ అనే మాట మాత్రం రానియ్యొద్దు, పూజగదిలో ఉన్న బొమ్మ అది, ఇద్దరు వేరు వేరు పని చేసిన్రు అంతే.

ఎనిమిదో తరగతి అయితే ఈ పీరియడ్‌లోనే ఒక పిల్లనో పిల్లగాడో తప్పకుండ ఒక ప్రశ్న వేస్తరు, వెయ్యకపోతే మీరే వెయ్యండి. ఆమె ఉన్నోళ్ళ బిడ్డ కదా, పెద్ద బంగ్లాలో ఉండి పేదోళ్ళ బొమ్మలు వేసింది, వాళ్ళ కష్టం ఆమెకు ఎట్ల తెలుస్తది? దీన్ని దాటెయ్యకండి, ఈ పాఠం మొత్తంల అన్నిటికన్నా విలువైన ప్రశ్న ఇదే అని నేననుకుంట. ఉన్నదున్నట్టు చెప్పండి, అవును, వాళ్ళది జమీందారీ కుటుంబం, సరాయాలో వాళ్ళోళ్ళకు చక్కెర ఫ్యాక్టరీ కూడా ఉండేది, ఆమె ఎప్పుడూ కూలికి పోలేదు. మళ్ళీ బొమ్మ దగ్గరికి తీసుకుపోయి అడగండి, అంగడికి పోయే ఊరోళ్ళను చూస్తే ఆమె వాళ్ళ మీద జాలి పడ్డట్టు ఉందా, గౌరవం ఉందా, దూరం నుంచి చూసినట్టు ఉందా? ఏ ముక్కను చూసి అంటున్నరో చూపించాలె, అది ఒక్కటే రూల్. పత్తి ఏరడానికి, మిర్చి కోయడానికి అమ్మ వెంట పోయొచ్చిన పిల్లలు మన క్లాసుల్లో ఉంటరు, ఏనుమాముల మార్కెట్‌కు బస్తాలతో పోయొచ్చినోళ్ళు ఉంటరు, ఈ బొమ్మ మీద వాళ్ళకున్నంత హక్కు మనకు కూడా లేదు. వాళ్ళు ఆమె సరిగ్గ గీయలేదు అన్నా సరే, ఎందుకో చెప్పమనండి.

నాలుగో పీరియడ్: నీ చెయ్యి రంగు

ఇప్పుడు ఫ్లెక్సీ షాపు సంగతి. మన పిల్లలు మనిషిని గీస్తే క్రేయాన్ డబ్బాలో ఉండే ఆ లేత గులాబీ రంగు తీస్తరు, దాన్ని స్కిన్ కలర్ అంటరు, క్లాసులో ఒక్కరి ఒంటి రంగు కూడా అది కాదు. అమృత బొమ్మల్లో మనుషులు గోధుమ, మట్టి, నలుపు రంగుల్లో ఎంత నిండుగ ఉన్నరో బ్రహ్మచారుల బొమ్మ పెట్టి చూపించండి, తెల్ల ధోవతుల పక్కన ఆ ఒంటి రంగులు ఎంత అందంగ నిలబడతయో.

పోస్టర్ కలర్స్ ఎరుపు, పసుపు, నీలం, తెలుపు ఇవి నాలుగే ఇయ్యండి, నలుపు, బ్రౌన్ సీసాలు బీరువాలో దాచెయ్యండి. పసుపులో ఎరుపు కలిపితే నారింజ వస్తది, దాంట్లో బ్రష్ కొసకు అంటినంత నీలం వేసి కలిపితే గోధుమ రంగు మొదలైతది. నీలం ఎక్కువైతే పచ్చగనో బూడిదగనో తిరుగుతది, మళ్ళీ కొంచెం ఎరుపు వేస్తే వెనక్కి వస్తది. రఫ్ పేపర్ మీద చిన్న మచ్చ పెట్టి ఆరనిచ్చి, ఎడమ చెయ్యి వెనక వైపు పక్కన పెట్టి చూసుకోవాలె, తడి మీద చూస్తే మోసపోతరు, ఆరినంక రంగు మారుతది. కలిసేదాకా మళ్ళీ కలపాలె. పీరియడ్ అంతా దీనికే పోయినా పర్వాలేదు. ఈ పనిలో పడ్డ పిల్లలు ఒకరి చెయ్యి ఒకరు పక్కన పెట్టుకొని నాదాంట్ల ఎరుపు ఎక్కువ, నీదాంట్ల పసుపు ఎక్కువ అని మాట్లాడుకుంటుంటే చూడడం నాకు చాలా ఇష్టం.

ఒక జాగ్రత్త. రంగు మీద ఎక్కిరించుకునుడు మన దగ్గర బాగా ఉంది, నల్లోడు, కర్రోడు అని పేర్లు పెడతరు. అందుకే మొదటి చెయ్యి మీదే కావాలె, మీ చెయ్యి రంగు బోర్డు ముందు కలిపి చూపించండి, కలిపేటప్పుడు ఏ రంగులు వేస్తున్నరో పైకి చెప్పండి. ఎక్కిరింపు మాట వినపడితే అక్కడే ఆపి మాట్లాడండి, తర్వాత చూద్దాం అనొద్దు. ఆరిన మచ్చలన్నీ కత్తిరించి పేర్లు లేకుండ ఒక చార్ట్ మీద అంటిస్తే క్లాసు రంగుల పటం తయారైతది, ఐదో పీరియడ్‌కు అదే ప్యాలెట్.

హోంవర్క్, ఐదో పీరియడ్

శుక్రవారం ఇచ్చే హోంవర్క్: ఇంట్లనో వాడకట్టులనో పని చేస్తున్న మనిషిని, లేదంటే పని అయిపోయి కూర్చున్న మనిషిని పది నిమిషాలు చూడాలె. బీడీలు చేసే నాయనమ్మ, మిర్చి తొడిమలు తీసే అమ్మ, మగ్గం మీద ఉన్న తాత, ఎవరైనా సరే. గీసే ముందు అడగాలె, నీ బొమ్మ గీస్త, ఒప్పుకుంటవా అని. వద్దంటే వేరే వాళ్ళను అడగాలె. చూసేటప్పుడు పెన్సిల్ ఉండొద్దు, ఫోన్‌లో ఫొటో అసలే తియ్యొద్దు, ఫొటో ఉంటే దాన్ని దించుడే అయితది. చూసినంక మూడు వాక్యాలు రాయాలె, చేతులు ఎక్కడున్నయి, తల ఎటు వంగింది, కండ్లు ఎటు చూస్తున్నయి. పాత పెళ్ళి కార్డు మధ్యలో చతురస్రంగ కత్తిరించి ఇస్తే ఆ కిటికీలోంచి చూసి ఎంత భాగం గీయాలో వాళ్ళే తేల్చుకుంటరు.

క్లాసులో ఏ3 షీట్ ఇయ్యండి, చిన్న కాగితం ఇస్తే మూలకు బొమ్మరిల్లంత మనిషిని గీస్తరు. మనిషి షీట్ పై అంచు నుంచి కింది అంచు దాకా రావాలె. స్కెచ్ పెన్నుతో నల్ల ఔట్‌లైన్ వద్దు. వెనక సూర్యుడు, కొండలు, కొబ్బరి చెట్టు వద్దు, ఒక్కటే రంగు నింపాలె, ఏ రంగో ఎందుకో అడిగితే చెప్పగలగాలె. అమృత బొమ్మను కాపీ కొట్టించకండి, చాలా మంది అదే చేయిస్తరు, పిల్లలకు చెయ్యి తిరుగుతది గానీ చూపు తిరగదు. గంటన్నర పడుతది, అందుకే శనివారం పెట్టుకోమన్న.

ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) ప్రాజెక్టు కింద మార్కులు వేస్తే పోలిక వచ్చిందా లేదా అన్నదానికి వెయ్యకండి. రాసిన మూడు వాక్యాలు బొమ్మలో కనిపిస్తున్నయా, ఒంటి రంగు సొంతంగ కలిపిండా, మనిషిని అడిగి గీసిండా, ఈ మూడు చూడండి.

షీట్లు పూర్తిగ ఆరకముందే దొంతి పెడితే ఒకదానికొకటి అంటుకుంటయి, వరండాలో తాడు కట్టి బట్టల క్లిప్పులతో ఒక పూట వేలాడదీయండి. కింద చీటీ మీద గీసినోళ్ళ పేరు కన్నా ముందు కూర్చున్నోళ్ళ పేరు, వాళ్ళ పని రాయించండి. పేరెంట్స్ మీటింగ్ రోజు అవి అట్లనే ఉంచితే వచ్చిన అమ్మలు మార్కుల రిజిస్టర్ కన్నా ముందు వాటి దగ్గరికే పోతరు. కోట్ల సంగతి ఇప్పుడు చెప్పొచ్చు.

పిల్లలకు ఇంకా ఆసక్తి ఉంటే వచ్చే నెల మన కరీంనగర్ దిక్కు వాళ్ళనే తీసుకోండి. 1915లో పుట్టిన పి.టి. రెడ్డి బొంబాయిలో జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివిండు, అమృత కన్నా రెండేళ్ళే చిన్న. 1942లో బూరుగుపల్లిలో పుట్టిన తోట వైకుంఠం తెలంగాణ ఆడవాళ్ళనే, పెద్ద బొట్టు, ఎర్ర చీర, పసుపు చీరలతో వేస్తూ వచ్చిండు. వైకుంఠంతో మొదలు పెట్టడం తేలిక, ఆ బొమ్మలు చూడంగనే పిల్లలు మా అమ్మమ్మ అంటరు. అయితే వీళ్ళ బొమ్మలకు కాపీరైట్ ఇంకా ఉంది, ఫ్లెక్సీ కొట్టించకుండ స్క్రీన్ మీద చూపించండి.